కదిలినవాడు లేని ఫొటో

ఊరి చివరి ఇళ్ళను రాత్రిపూట ఫొటోలు తీయడం ఆ ఫొటోగ్రాఫర్‌కి పిచ్చి. వెలుతురు చాలదని కెమెరా షట్టర్‌ను చాలాసేపు తెరిచే ఉంచుతాడు. కదిలేవాళ్ళెవరూ ఆ ఫొటోలో మిగలరు; కదలనివే పడతాయి.

ఒక రాత్రి అతను ఫొటో తీస్తున్న ఇంటాయన భార్యను జుట్టుపట్టి బయటికి ఈడ్చుకొచ్చి, తలను మెట్టుకేసి బాదాడు. ఫొటోగ్రాఫర్ కేక వేయగానే ఆ భర్త లోపలికి పరుగెత్తాడు. ఇంకా తెరిచే ఉన్న కెమెరా ముందు ఆవిడ నెత్తుటి మడుగులో కదలకుండా పడి ఉంది.

రక్తం కనిపిస్తే చాలనుకుని, మర్నాడు ఫొటో తీసుకెళ్ళి పోలీస్ స్టేషన్లో ఇచ్చాడు. దాన్ని చూసి, అప్పటికే ఇన్‌స్పెక్టర్ ఎదుట కూర్చుని ఉన్న భర్తే ముందు నోరు విప్పాడు.

“చూశారుగా సార్, కాలుజారి పడింది. పక్కన నరమానవుడున్నాడా?”

“కళ్ళారా చూశానండీ. కదిలేవాళ్ళు ఇందులో రారు,” అన్నాడు ఫొటోగ్రాఫర్.

“అంటే నీ కెమెరా అబద్ధం, నువ్వు నిజమా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆస్పత్రిలో ఇంకా స్పృహ రాని ఆవిడ మంచం పక్కన తోడుండడానికి భర్తనే పంపారు.