యాకూబ్ పీకించుకున్న పన్ను

1979లో నేను జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్యలో సంయుక్త కార్యదర్శిని. ఆ ఏడు పదిహేడేళ్ల లోపు జట్టు ఎంపికలు వరంగల్‌లో పెట్టారు. సొంత ఊరు కదా అని పర్యవేక్షణ నాకే అప్పగించారు.

అప్పట్లో మాకు పెద్ద తలనొప్పి ఆటగాళ్ల వయసు. బడి సర్టిఫికెట్లలో పుట్టిన తేదీ హెడ్మాస్టరుకు తోచినట్టు ఉండేది. మీసాలు గొరిగించుకుని పిల్లల్లో కలిసిపోయినవాళ్లను ఎందరినో చూశాం. అందుకే డాక్టరు చేత పళ్లు చూపించే పద్ధతి పెట్టాం. జ్ఞానదంతం వచ్చినవాడు పదిహేడు దాటినట్టే లెక్క. డాక్టరు మాటే తుది మాట, అప్పీలు లేదు. ఆ నిబంధన రాసింది నేనే. రాసిన రోజు గర్వపడ్డాను కూడా.

యాకూబ్ నర్సంపేట నుంచి వచ్చాడు. తండ్రి లేడు, తల్లి పత్తి ఏరే కూలికి పోయేది. ఎంపిక మ్యాచిలో ఒక పక్క దవడ వాచి ఉంటే రుమాలు కట్టుకుని ఆడాడు. అయినా ఎడమ కాలితో రెండు గోల్స్ కొట్టాడు. నా జాబితాలో మొదటి పేరు అతనిదే.

మర్నాడు డాక్టరు అతని నోట్లో టార్చి వేసి చూసి నన్ను పిలిచాడు. చివరి పన్ను ఉండాల్సిన చోట పచ్చి పుండు. మూడు రోజుల కింద స్టేషన్ దగ్గర పళ్లు పీకేవాడి చేత తీయించుకున్నాడని తేలింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని ఎంపిక కమిటీలో ఒకాయన నవ్వాడు. నేనూ నవ్వాను. వయసు దాచినందుకు రెండేళ్ల నిషేధం. సంతకం నాది.

వారం తిరగకముందే అతని తల్లి మా ఇంటికి వచ్చింది. కొంగు ముడి విప్పి, దవాఖానలో కాన్పప్పుడు ఇచ్చిన చీటీ నా చేతిలో పెట్టింది.

"మావోనికి పదహారు నిండి మూడు నెల్లే సార్. పన్నున్నోళ్లను ఎల్లగొడ్తాండ్రని ఎవరో చెప్తే బుగులు పడి పీకించుకుండు."

దవాఖానకు పోయి రిజిస్టరు చూశాను. ఆమె చెప్పింది నిజమే. కానీ అప్పీలు లేదని నేనే రాశాను గనక, కార్యవర్గం కూర్చుని ఆ నిబంధన మార్చేదాకా నిషేధం ఎత్తేయడానికి వీల్లేకపోయింది. దానికి పది నెలలు పట్టింది. అప్పటికి యాకూబ్‌కు నిజంగానే పదిహేడు దాటింది.

1986లో నర్సంపేట బస్టాండులో కనిపించాడు. పత్తి మార్కెట్లో హమాలీ పని చేస్తున్నాడు. ఆట ఎప్పుడో మానేశాడట. వద్దంటున్నా టీ తాగించాడు. తప్పు మాదేనని చెప్పాను. గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఎందుకు పీకించుకున్నవ్‌రా అని ఆ దినం ఒక్కరన్న అడుగుతరేమోనని సూసిన సార్."



ఆ తర్వాత పదవిలో ఉన్నన్నాళ్లూ, ఆటగాడిని ఎదురుగా కూర్చోబెట్టి అడగకుండా ఏ నిషేధం మీదా సంతకం పెట్టలేదు. చాలామంది అబద్ధాలే చెప్పారు. అయినా అడిగాను.