జానెడు తక్కువైన పరదాలు

ఆ నలభై రెండు పరదాలు జానెడు పొట్టిగా రావడానికి కారణం అన్న కాదు, తమ్ముడూ కాదు, ఒక సెల్‌ఫోన్ అని మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. ఎవరు పుట్టించారో తెలీదు. నేనైతే కాదు. నేను విన్నాను, విన్నదాన్ని ఇంకో నలుగురికి చెప్పాను, అంతే. ఇంతవరకూ దాన్ని ఔనన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

నా దారాలు, గుండీల కొట్టుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది పరదాల షాపు. అప్పట్లో అన్నదమ్ములిద్దరిదీ కలిసే. తమ్ముడు ఇళ్ళకు వెళ్ళి కిటికీలు కొలిచి వచ్చేవాడు, అన్న గుడ్డలు పరిచి చూపించి, కొలతలు రాసుకునేవాడు. వెనక గదిలో పెళ్ళిమండపమంత బల్ల. దానికి అటు పెద్దామె, ఇటు చిన్నామె. తోడికోడళ్ళు. పెద్దామె కత్తిరించి కుడుతుంది. చిన్నామె కుచ్చిళ్ళు పెట్టి, రింగులు బిగించి, ఆవిరి ఇస్త్రీ పట్టేది. పెద్దామెను వీధి వీధంతా పరదాలక్క అంటారు.

తోడికోడళ్ళన్నాక ఒకరి గిన్నెలో ఇంకొకరు వంకలు వెతకాలి కదా. వీళ్ళకు ఆ బుద్ధే లేదు. ఒకరి జడ ఒకరు అల్లుకునేవాళ్ళు. లోపల వాళ్ళు నవ్వితే రోడ్డుకు ఇవతల నా గుండీల డబ్బాలు గలగలలాడేవి. ఇది సహజం కాదు, ఇందులో ఏదో ఉంది అని నాకు అప్పుడే అనిపించింది.

ఉన్నది ఆట. మధ్యాహ్నం ఒంటిగంటకు షట్టర్ సగం దించేవాళ్ళు. తమ్ముడు కొలతలకు వెళ్ళేవాడు, అన్న గుడ్డ తానుల మీద వాలి కునుకు తీసేవాడు, వెనక గదిలో ఫోన్లు తెరుచుకునేవి. ఈ పక్క ఐదుగురు, ఆ పక్క ఐదుగురు, మధ్యలో పాడుబడ్డ కోట. పెద్దామె బొమ్మ డాలు పట్టుకుని ముందు నిలబడి దెబ్బలన్నీ తింటుంది. చిన్నామె బొమ్మ వెనక నుంచి మందు విసిరి ప్రాణం పోస్తుంది. మీదపడే ముందు పెద్దామె బొమ్మ రెండు గుంజీలు తీసేది. 'వస్తున్నావా?' అని. చిన్నామె బొమ్మ ఒక్క గుంజీ తీసేది. 'నీ వెనకే ఉన్నా' అని. ఇలా జోడీగా మెట్టు మెట్టూ ఎక్కి, లక్షల మందిని కింద వదిలేసి, పైనుంచి రెండో మెట్టు మీద కూర్చున్నారు. ఆ పైన ఇక మిగిలింది రెండు వందల పేర్లుండే లిస్టు ఒక్కటే.

ఇక్కడ ఒక చిక్కుంది. మిషన్ చప్పుడు వినబడుతుంటేనే అన్నగారికి నిద్ర. ఆగిందా, లేచి కూర్చుంటాడు. అందుకని పెద్దామె ఒక గుడ్డపట్టీ కొసలు రెండూ కలిపి గుండ్రంగా అతికి, దారం ఎక్కించని సూది కింద పెట్టేది. కాలు పెడలు మీద, చేతులు ఫోన్ మీద. పట్టీ తిరుగుతూనే ఉండేది, మిషన్ గీపెడుతూనే ఉండేది, ఆయన గురక పెడుతూనే ఉండేవాడు. వాళ్ళ చెత్తబుట్టలో ఆ పట్టీలు నా కంటితో చూశాను. జల్లెడలా ఒళ్ళంతా రంధ్రాలు, కుట్టు ఒక్కటి లేదు! రోజూ గంటసేపు మిషన్ ఉరుకుతోంది, నా కొట్టులో మాత్రం దారం రీలు కదలట్లేదు. నేను పెద్దగా చదువుకోకపోయినా ఆ మాత్రం లెక్క వచ్చు.

మిగతాదంతా మా వీధి చివర సెల్‌ఫోన్లు బాగుచేసే అతను చెప్పింది. అతనికీ ఈ ఆట పిచ్చి. పగిలిన అద్దం మార్చడానికి పెద్దామె ఫోన్ తెరిచి, ఆమె ఉన్న మెట్టు చూసి స్టూలు మీంచి పడ్డాడు. అప్పటినుంచి ఆమెతో 'మీరు' అని తప్ప మాట్లాడడు.

పైకి పోయేకొద్దీ ఆడేవాళ్ళు తగ్గిపోతారట. అందుకని ఒక్క ఆట దొరకడానికి ఇరవై నిమిషాలైనా కాచుకోవాలి. దొరికాక 'సరే' అని నొక్కడానికి పది సెకన్లే టైము. నొక్కకపోతే జోడీలో ఇద్దరికీ పాయింట్లు కోత. సభలు జరిగే పెద్ద హాలుకు నలభై రెండు పరదాలు కుట్టమన్న వారం అది. బల్ల మీద గుడ్డ పరిచి, పెద్దామె సుద్దముక్క చేత్తో పట్టుకుని వంగి ఉంది.

"అక్కా, దొరికింది! నొక్కు, నొక్కు!"

ఒక చేత్తో గీత గీసేసింది, ఇంకో చేత్తో నొక్కేసింది. పైన రాడ్డు మడతకూ కింద అంచు మడతకూ కలిపి వదలాల్సిన జానెడు గుడ్డ వదల్లేదు. ఆ ముక్కను అచ్చుగా పెట్టుకునే మిగతా నలభై ఒకటీ కత్తిరించింది. ఆ ఆట మాత్రం గెలిచారట.

హాలులో పరదాలు వేలాడదీశాక వెనకున్న గోడ, గోడ కింద నేల, నేల మీద కుర్చీల కాళ్ళు అన్నీ కనబడుతున్నాయి.

"ఏంటండీ ఇది? కిటికీలకు నిక్కర్లు తొడిగారా?" అన్నాడు హాలు మేనేజరు.

"నువ్వే తప్పు కొలిచావు" అన్నాడు అన్న. "నువ్వే తప్పు రాసుకున్నావు" అన్నాడు తమ్ముడు. గుడ్డ సంగతి పావుగంటలో అయిపోయింది. తర్వాత మూడు రోజులు పుట్టినప్పటి సంగతులు తవ్వుకున్నారు. వెనక గది గుమ్మంలో తోడికోడళ్ళిద్దరూ కొయ్యల్లా నిలబడ్డారు. పెద్దామె నోరు తెరవాలనే అనుకుందట. తెరిస్తే 'నొక్కు' అన్న చిన్నదాని పేరూ బయటికొస్తుంది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకునేసరికి, చెప్పినా అతకని మాటలు అన్నదమ్ములు అనేసుకున్నారు. తప్పు చెయ్యని మరిది నింద నెత్తిన వేసుకుని, పెళ్ళాన్ని తీసుకుని, బస్టాండు అవతల వేరే షాపు పెట్టుకున్నాడు. రెండిళ్ళకూ మాటలు బంద్. ఫోన్లలో నంబర్లు తీసేశారు. "మీరిద్దరూ ఏదో ఆట ఆడుకుంటారట కదా, అదీ తీసెయ్" అన్నాడు అన్న. తీసేసింది. అక్కడ చిన్నామెతోనూ అలాగే తీయించారట.

ఇప్పుడు ఆ బల్ల చూడాలి మీరు. సగమే వాడుతుంది పెద్దామె. రెండో సగం మీద ఇస్త్రీ పెట్టె కాలిన గోధుమరంగు మచ్చ, చిన్నామె రింగులు పోసుకునే సత్తు గిన్నె అలాగే ఉన్నాయి. ఎనిమిదడుగుల పరదా మడవాలంటే ఇద్దరు ఉండాలి. ఒకరు ఈ కొస, ఒకరు ఆ కొస పట్టుకుని దగ్గరికి నడిచి రావాలి. పెద్దామె అవతలి కొస తలుపు గొళ్ళేనికి తగిలించి, తనే నడుచుకుంటూ వెళ్ళి కలుపుతుంది. ఒకసారి నేను రింగులు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు, ఆ గొళ్ళేనికేసి చూస్తూ, "ఇదీ బాగానే పట్టుకుంటుంది పిన్నీ, కాకపోతే ఎదురు నడిచి రాదు" అంది. నేను ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం తినలేదు. సరే, ఒక పూట తినలేదు.

నెల తిరక్కుండానే మళ్ళీ ఆట ఎక్కించుకుంది. పాత పేరు పోయింది, పాత మెట్లు పోయాయి. పేరు మార్చుకోవచ్చని తెలీక, ఆట ఇచ్చిన 'ఆటగాడు' అన్న పేరూ, దాని పక్కన ఏడంకెలూ అలాగే ఉంచేసింది. అట్టడుగు నుంచి ఒంటరిగా మొదలు.

"ఎందుకండీ ఈ వయసులో ఇంత కష్టం?" అని సెల్‌ఫోన్ల అతను అడిగాడట.

"కింద లక్షల మంది. చిన్నదాన్ని ఎక్కడని వెతకను? ఆ లిస్టులో రెండు వందల మందే. మధ్యాహ్నం ఒంటిగంటకు అందులో ముప్ఫై మంది కూడా ఉండరు. అక్కడికి చేరితే, ఈ రోజు కాకపోతే రేపైనా తగలాలి."

"ఆవిడ అసలు ఆడుతోందో లేదో! పేరు మారిపోయి ఉంటుంది కదా?"

"గుంజీ మారదు."

"ఆ లిస్టు దాకా ఎక్కగలదంటారా?"

"అది నాకన్నా మొండిది. నేను ఎక్కితే అది ఎక్కదా?"

ఎనిమిది నెలలు పట్టింది. బొటనవేళ్ళకు రెండింటికీ పట్టీలు. మెడ ఒక పక్కకు వాలిపోయింది. లిస్టులో పడ్డాక సుఖపడిందా అంటే, అసలు నరకం అక్కడే మొదలైంది. నూట ఎనభై ఏడు, నూట తొంభై మూడు, నూట తొంభై తొమ్మిది. ఒక ఆట ఓడితే పదిమంది మీద నుంచి తొక్కుకుంటూ వెళ్ళిపోతారు. వారం ఆడకపోతే ఆటే కిందికి తోసేస్తుంది. జ్వరం నూట నాలుగున్నా తడిగుడ్డ నెత్తిన వేసుకుని ఆడింది. ఆ గంటలో ఏనుగు వచ్చి తన కొలతకు పరదా కుట్టమన్నా తలెత్తేది కాదు. పైన ఆడేవాళ్ళంతా కుర్రకుంకలు. పొరపాటు చేస్తే చెవుల్లో బూతుల వాన. ఆమె ఒక్కనాడూ గొంతు విప్పలేదు కాబట్టి మగపిల్లాడే అనుకునేవాళ్ళు.

"ఒరేయ్ ఆటగాడూ! చచ్చావా, బతికున్నావా? ఏంట్రా ఆ గుంజీలు, బడిలో మాస్టారు వదల్లేదా?"

ఎవరు ఎదురుపడినా ముందు రెండు గుంజీలు తీసేది మరి. తనవాళ్ళ ముందూ, ఎదుటివాళ్ళ ముందూ. అలా చేయబోయి చచ్చిన సార్లే ఎక్కువ. ఎనిమిది నెలలూ, ఆ పైన లిస్టులో ఇంకో రెండు నెలలూ, ఎన్ని వేల గుంజీలో! తిరిగి ఒక్క గుంజీ తీసినవాడు లేడు.

ఆ లిస్టును మూడు నెలలకోసారి మూసి మళ్ళీ తెరుస్తారు. మూసే రోజున లోపల ఉంటే ఉన్నట్టు. బయట పడితే మళ్ళీ నెలలకొద్దీ ఎక్కుడే. ఆ చివరి రోజు మధ్యాహ్నానికి పెద్దామె నూట తొంభై ఎనిమిది. ఒక్క ఆటకు మాత్రమే టైముంది. ఇరవై ఆరు నిమిషాలు కాచుకుంటే దొరికింది. లిస్టులోవాళ్ళు ఆడుతుంటే ఎవరైనా చూడొచ్చట. సెల్‌ఫోన్ల అతను తన కొట్లో కూర్చుని చూస్తున్నాడు.

ఎదుటి జట్టులో మందు విసిరే బొమ్మ ఒకటి. పేరు 'జానెడు'. లిస్టులో రెండు వందలో నంబరు, ఆఖరిది. అంటే ఎవరు ఓడితే వాళ్ళు బయటికి.

కోటగోడ మలుపులో రెండు బొమ్మలూ ఎదురుపడ్డాయి. పెద్దామె రెండు గుంజీలు తీసింది. మందుబొమ్మ ఆగిపోయింది. ఒక క్షణం. తర్వాత ఒక్క గుంజీ తీసింది.

"నా ఒళ్ళు ఝల్లుమంది పిన్నిగారూ" అన్నాడతను నాతో. అతని కళ్ళల్లో నీళ్ళు. అతను పెళ్ళాం పుట్టింటికి పోయినా ఏడవని మనిషి.

ఎదుటి జట్టుతో మాట కలిపే వీలు ఆ ఆటలో లేదట. ఏం చెబుతుంది, ఎలా చెబుతుంది? పెద్దామె డాలు పక్కకు దించింది. మళ్ళీ గుంజీలు మొదలుపెట్టింది. మూడు, నాలుగు, పది, ఇరవై. చుట్టూ ఎనిమిది మంది నరుక్కుంటున్నారు. "కొట్టరా! ఎదురుగా ఉంది, కొట్టరా వెధవా!" అని సొంత జట్టు చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది. ఆమె ఆపలేదు. సరిగ్గా నలభై రెండు తీసి అప్పుడు ఆగింది. అతను లెక్కపెట్టాడు. పరదాకొకటి.

అప్పుడా మందుబొమ్మ దగ్గరికి నడిచి వచ్చి, చెయ్యెత్తి, ఆమె మీదకు మందు విసిరింది. ఎదుటి జట్టు మనిషికి మందు పట్టదు. పచ్చటి వెలుగు లేచి, ఎవరికీ తగలకుండా ఆరిపోయింది. మళ్ళీ విసిరింది. మళ్ళీ ఆరిపోయింది. ఆట ముగిసేదాకా విసురుతూనే ఉందట.

ఎవరు గెలిచారని అడక్కండి. కావాలని ఆడకుండా నిలబడ్డారని రెండు జట్లూ ఫిర్యాదు చేశాయి. ఇద్దరికీ పదిహేను రోజులు ఆట బంద్. లిస్టులోంచి రెండు పేర్లూ గల్లంతు. ఆట అయ్యాక పదిమంది పేర్లతో ఒక పట్టిక వస్తుంది. పేరు పక్కన స్నేహం కలుపుకోవడానికి ఒక గుర్తు ఉంటుంది. పెద్దామె దాన్ని నొక్కిందా లేదా అన్నది బయట చూసేవాళ్ళకు తెలీదట. అదొక్కటీ నాకిప్పటికీ నిద్ర పట్టనివ్వట్లేదు.

ఆ రోజు గుంజీల దగ్గరే పెడలు మీంచి కాలు జారిపోయింది. మిషన్ ఆగింది. అన్నగారు లేచి వచ్చాడు.

"ఏమే, చప్పుడు ఆగిందేంటి?"

"సూది విరిగింది."

"కళ్ళేంటి అలా ఉన్నాయి?"

"సూది విరిగితే ఏడవకూడదా?"

పాపం పిచ్చిమారాజు, నిజమనుకుని రోడ్డు దాటి నా దగ్గరికి సూదుల పాకెట్టు కోసం వచ్చాడు. రెండు రోజుల కిందే పెద్దామె పాకెట్టు పట్టుకెళ్ళింది కదా, ఇదేంటి అని నేను తీగ లాగడం అప్పుడే మొదలుపెట్టాను.

పదిహేను రోజులు ఒంటిగంటకు షట్టర్ దిగలేదు. పదహారో రోజు సగం దిగింది. లోపల మిషన్ ఆగకుండా ఉరుకుతోంది. లిస్టు కింది మెట్టు మీద జోడీ కట్టడానికి అడ్డేమీ లేదని సెల్‌ఫోన్ల అతను అంటాడు. పైన రెండు వందల్లో మాత్రమే ఎవరికి వాళ్ళు ఆడాలట. బస్టాండు అవతల చిన్నామె షాపులోనూ ఒంటిగంటకు షట్టర్ సగం దిగుతోంది. నేను చూడ్డానికని వెళ్ళలేదు. నేనెక్కిన బస్సు అటు పోతే నేనేం చెయ్యను?

ఇక ఆగలేక నిన్న పెద్దామెను అడిగేశాను. వెనక గదిలో పరదా ఒక కొస గొళ్ళేనికి తగిలిస్తోంది.

"ఏం ఆట పిన్నీ? నాకు ఫోన్ ఎత్తడమే సరిగా రాదు."

"మరి ఈ రంధ్రాల పట్టీ ఏంటమ్మా?"

"కొత్త సూదులు పరీక్ష చేశాను."

"బొటనవేళ్ళకు పట్టీలు?"

"కత్తెర ఒరుసుకుంది."

"రెండింటికీనా?"

"రెండు కత్తెరలు. మీరు దారాలమ్మడం మానేసి కథలమ్ముకోండి పిన్నీ, బాగా గిరాకీ ఉంటుంది."

"పోనీలే, చిన్నామె ఎలా ఉంది?"

"దాని ఊసు నాకెందుకు? మాటలు లేవు, పలుకులు లేవు. ఎలా ఉందో, మొన్నటి జలుబు తగ్గిందో లేదో నాకేం తెలుసు?"

"మొన్నటి జలుబా?"

పరదా కొస చేతిలోంచి జారిపోయింది. వంగి తీసుకుని, గోడ గడియారం వైపు చూసింది. ఒంటిగంటకు ఐదు తక్కువ.

"ఎవరికి జలుబు? ఎవరికీ లేదు. మీకే చెవుల్లో ఏదో మోగుతోంది."

"మరి ఆ నలభై రెండూ జానెడు పొట్టిగా ఎందుకొచ్చాయే తల్లీ?"

"పొట్టిగా రాలేదు పిన్నీ, సరిగ్గానే కుట్టాను" అంది షట్టర్ మీద చెయ్యి వేసి. "ఆ హాలు నేలే జానెడు కుంగింది."