ఆఖరి బెండు విప్పింది నేను

నా పేరు నూకాలమ్మ. డెబ్బై దాటాయి. మునగపాక పక్క ఊళ్లో కొడుకు, కోడలు, మనవరాలితో ఉంటున్నాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. ఊళ్లో అందరికీ వినిపించడానికే ఇది.

మా పక్కింటి మరిది సోమవారం చెరకు తోటకు నీళ్లు కడుతూ గట్టు మీదే కూలిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. పాడె కడుతుంటే ఎవరో, "పిల్లని ముంచినోడు" అన్నారు. ఆ మాట ఆయన మీద పడనివ్వను.

ఈ ఊరి పిల్లలకు ఈత నేర్పింది ఆయనే. మెట్ల నూతిలో మొదటి వారమంతా మెట్టు మీద కూర్చుని కాళ్లు ఆడించడమే. తర్వాత మెట్టు పట్టుకుని, మొహం ముంచి బుడగలు వదలాలి. అప్పుడు పిల్ల తేలడానికి వీపుకు మూడు మునగ బెండ్లు కట్టేవాడు. పిల్ల తేలే తీరు చూసి ఒకటి తీసేవాడు, కొన్నాళ్లకు ఇంకొకటి. "నీటితో దెబ్బలాటేటర్రా, దాని మీద పడుకోండి" అనేవాడు. ఆఖరి బెండు దగ్గర మాత్రం ఎవరు తొందరపెట్టినా వినేవాడు కాదు.

రెండేళ్ల కిందటి వేసవిలో నా మనవరాలికి ఆ ఒక్కటే మిగిలింది. తోటిపిల్లలు బెండు లేకుండానే ఈదేస్తూ దీన్ని బెండుపిల్ల అని ఏడిపించారు. నాకు రోషం వచ్చింది. మరిదిని అడిగితే, "బయం పోయేక తీత్తానొదినా" అన్నాడు. ఆయన ఇంకో పిల్లను పైకి ఎక్కిస్తుంటే నేను ముడి విప్పేసి, దిగవే అన్నాను. దిగింది. మునిగిపోయింది. ఆయనే దూకి తీశాడు. మూడు రోజులు అనకాపల్లి ఆసుపత్రిలో ఉంచాం.

ఇక్కడ కోడలి చెయ్యి ఆగింది. రాయమన్నాను.

ఆ రోజు అందరూ చుట్టుముట్టి అడిగితే మరిది, "నానే ఇప్పీసేను" అన్నాడు. కోడలు ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టింది. నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు. మనవరాలి చేత కూడా చెప్పనని ఒట్టు వేయించుకున్నాను. తర్వాత ఏ తల్లీ పిల్లను పంపలేదు. అయినా ప్రతి వేసవికీ నూతిలో దిగి నాచు తీసేవాడు.

నిన్న ఆయన భార్యకు నిజం చెప్పాను. ఆమె ఏడవలేదు.

"నాకు తెలీదేటక్కా? ఆరోజే సెప్పేడు. నీ పేరు బయటికొత్తే నీ కోడలు నీకు అన్నం ముద్దెట్టదన్నాడు."

ఇంతవరకు రాసి కోడలు పెన్ను పెట్టేసి లేచింది. ఈ ఆఖరి ముక్కలు మనవరాలు రాస్తోంది. కోడలు పక్కింటి గుమ్మం ముందు నిలబడింది. లోపలికి వెళ్లలేదు, వెనక్కి రాలేదు. పమిట కొంగు చేతికి చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది.

నూకాలమ్మ వేలిముద్ర
సాక్షులు: ఆయన భార్య వరహాలమ్మ, నా కోడలు పద్మ (తిరిగొచ్చాక పెట్టిన సంతకం)