ఇరవై దినాలు రాదని చెప్పి రా

నా చిన్నప్పుడు ఒంట్లో బాగా లేదని అబద్ధం చెప్పడంలో మా వీధిలో నన్ను మించినవాళ్ళు లేరు. ఎక్కాలు అప్పజెప్పాల్సిన రోజు కడుపునొప్పి, కాపీ రాత చూపించాల్సిన రోజు తలనొప్పి. ఒకసారి తొందరలో రెండూ కలిపి చెబితే మా సారు, "ఇంకేమన్న మిగిలిందా తల్లీ?" అని అడిగాడు. మిగిలిందని చెప్పి కాలు కూడా చూపించాను. అలాంటి నన్ను పట్టుకుని, నిజమైన జబ్బు గురించి నిజం చెప్పి రమ్మని ఒకనాడు పంపించారు. అంత కష్టమైన పని అంతకుముందు నాకెవరూ చెప్పలేదు.

మేము నల్గొండ జిల్లా పల్లె నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. ఇప్పుడు అక్కడ మెట్రో స్తంభాల కింద కాలు పెట్టడానికి సందు దొరకదు గాని, అప్పుడు నాలుగు గల్లీలు దాటితే ఖాళీ జాగాలే. నేనిప్పుడు ఉంటున్న ఎల్బీ నగర్ వైపైతే ద్రాక్షతోటలు. అలాంటి ఒక తోటలో మా నాయన కావలి ఉండేవాడు, ఆదివారం మాత్రం ఇంటికి వచ్చేవాడు. అమ్మ మా ఇంటికి దగ్గర్లోనే ఒక భోజనాల మెస్‌లో వంట చేసేది. దాన్ని నడిపే ఆవిడ కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. భర్త లేడు. ఆంధ్ర వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చిన పెళ్ళికాని గుమస్తాలు ఇరవై మంది దాకా రెండు పూటలా ఆమె దగ్గరే తినేవారు. మేమంతా ఆమెను మెస్ అమ్మ అనేవాళ్ళం.

అది అరవై తొమ్మిది. తెలంగాణ కావాలని చదువుకునే పిల్లలు రోడ్ల మీదికి వచ్చిన ఏడాది. బడులు మూతపడ్డాయి. ఎక్కాల బాధ తప్పినందుకు నేను ఉద్యమాన్ని మనస్ఫూర్తిగా బలపరిచాను. పెద్దవాళ్ళ సంగతి వేరు. ఒకే నల్లా దగ్గర నీళ్ళు పట్టుకునే ఆడవాళ్ళు కూడా నువ్వు ఇక్కడిదానివా అక్కడిదానివా అన్నట్టు ఒకరినొకరు చూసుకోవడం మొదలైంది. మెస్ అమ్మ గుమ్మం మీది బోర్డు తీసి లోపల పెట్టుకుంది.

ఆ రోజుల్లో "పానం బాగ లేదు" అన్న మాటకు ఇంకో అర్థం వచ్చింది. మీ ఇంటికి ఇక పనికి రాము అని ముఖం మీద చెప్పలేనివాళ్ళు ఆ మాట చెప్పి మానేసేవారు. మెస్‌లో అంట్లు తోమే ఆమె అలాగే కబురు పంపింది, కూరగాయలు తరిగే ఆమె కూడా అలాగే పంపింది. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. ఒకామె కొడుకు పోలీసుల లాఠీ దెబ్బలు తిని ఇంట్లో పడి ఉన్నాడు. మా అమ్మ కూడా తెలంగాణ రావాలనే కోరుకుంది. కాని తను వండేది ఆకలయ్యే మనుషుల కోసమని ఆమె లెక్క. అందుకే మానలేదు. మెస్ అమ్మ మాత్రం నమ్మలేదు. "నీకూ ఒకరోజు జ్వరం వస్తుందిలే, నాకు తెలుసు" అని రోజూ దెప్పేది. "నాకు రాదమ్మా" అని అమ్మ మాట ఇచ్చింది. జ్వరం రాదని మాట ఇచ్చిన మనిషిని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

మాట ఇచ్చిన పదిరోజులకు జ్వరం వచ్చింది. అమ్మ రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా అలాగే వెళ్ళింది. మూడోరోజు మధ్యాహ్నం వంట ముగించి, సాయంత్రం వచ్చి ఇడ్లీపిండి రుబ్బుతానని చెప్పి ఇంటికి వచ్చి, గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. పక్కింటి అక్క అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది. అక్క మలక్‌పేట వైపు ఒక దవాఖానలో నర్సు. వాళ్ళది కూడా మా జిల్లానే, ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళే కుటుంబం. అక్క అమ్మను వెలుతురులోకి తీసుకొచ్చి కంటి రెప్ప కిందికి లాగి చూసింది. కళ్ళు పసుపు రాసినట్టు ఉన్నాయి.

"చిన్నమ్మా, ఇవి పచ్చకామెర్లు. ఇరవై దినాలు పొయ్యికాడికి పోవద్దు."

అమ్మ లేచి నిలబడింది. "నువ్వు నోరు మూసుకో బిడ్డా. నేను గిట్ల పండుకుంటే ఆమె ఏమనుకుంటది? ఇది కూడ నాటకమే అనుకుంటది."

"అనుకోనీ. నీ చేతి తిండి తిని ఇరవై మంది పండుకుంటే అప్పుడేమనుకుంటది?"

ఆ మాటతో అమ్మ మళ్ళీ కూర్చుంది. ఆమె భయం నాకు అర్థమైంది. ఆ పని పోతే ఊరికి తిరిగి పోవడమే, నాయన ఒక్కడి సంపాదనతో పట్నంలో నిలవలేము. అంతకంటే కూడా, తను అబద్ధాల మనిషని ఆ గుమ్మంలో పేరు పడుతుందేమో అన్నది ఆమెను తినేస్తోంది. పొద్దున నన్ను పంపి ఏదో ఒకటి చెప్పిద్దాం అంది. అక్క వినలేదు. పొద్దున చెప్తే ఎగ్గొట్టినట్టు ఉంటుంది, ఇప్పుడే చెప్తే కబురు చేసినట్టు ఉంటుంది, ఇంకా పొద్దు ఉంది, పిల్ల పోయి రాగలదు అంది.

నేను వెంటనే సిద్ధమయ్యాను. ఇది నా విద్య కదా. అక్క ఒక బకెట్ బోర్లించి దాని మీద మెస్ అమ్మలాగా కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. ఏం చెప్తవో చెప్పు అంది. నేను చేతులు జోడించి, కళ్ళల్లో నీళ్ళు తెచ్చుకుని, మా అమ్మ రక్తం కక్కుకుంటోందనీ, రెండుసార్లు పడిపోయిందనీ, డాక్టర్లు చేతులెత్తేశారనీ మొదలుపెట్టాను. లోపల మంచం మీద నుంచి అమ్మ, "నేను ఇంక బతికే ఉన్ననే" అంది.

అక్క నవ్వలేదు. "పో ఇంటికి. నేను నమ్మలే" అంది. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి అడిగింది. "నీకు నిజంగ ఎప్పుడన్న కడుపు నొచ్చిందా?"

నొచ్చింది. పోయిన చలికాలం, పచ్చి రేగుకాయలు తిని.

"అప్పుడు ఏం చెప్పినవ్?"

ఆలోచించాను. ఏమీ చెప్పలేదు. నొస్తుందని మాత్రం అని మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నాను. అబద్ధానికి ఇరవై మాటలు వాడిన నేను నిజానికి ఒక్కటే వాడానని అప్పటిదాకా నాకే తెలియదు.

"గదే" అంది అక్క. "బీమారి పేరు ఒక్కసారి చెప్పు, చాలు. బతిమాలకు. చేతులు దించు. పానం బాగ లేకపోతే అది తప్పు కాదు, మాఫీ అడిగేదేం లేదు. కాని పని ఉన్నది చూడు, అది ఆమెకు అప్పజెప్పాలె. మా దవాఖానల డ్యూటీ దిగేటప్పుడు ఊకె పోతమా? ఏ మంచం మీద ఎవరున్నరు, ఎవరికి సూది ఇచ్చిన, ఎవరికి ఇయ్యాలె, అన్నీ వచ్చేటామెకు చెప్పే కదలాలె. ఎగ్గొట్టేటోళ్ళకు పని యాదికుండదు. బీమారి ఉన్నోళ్ళకు పని మీదనే మనసుంటది."

అలా అని అమ్మను అడగడం మొదలుపెట్టింది. ఈ పూట అక్కడ ఏమేం మిగిలి ఉన్నాయి? అమ్మ కళ్ళు మూసుకుని ఒక్కొక్కటే చెప్పింది. ఆ వంటగది మొత్తం ఆమె తలలో ఉంది. నేను వేళ్ళు మడుచుకుంటూ గుర్తుపెట్టుకున్నాను. చివరికి ఎన్ని రోజులని చెప్పాలన్న దగ్గర ఇద్దరికీ పట్టింపు వచ్చింది. మూడు దినాలని చెప్పమంది అమ్మ, తర్వాత సంగతి తర్వాత. మూడంటే మూడోనాడు అది అబద్ధమవుతుంది, ఇరవై అని చెప్పమంది అక్క. ఇరవై దినాలంటే ఇంకొకరిని పెట్టుకుంటదని అమ్మ ఏడ్చింది. పెట్టుకుంటే పెట్టుకోనీ అనలేదు అక్క. అమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. కాని మాట మార్చలేదు. నన్ను గుమ్మం దాకా తీసుకొచ్చి, "ఇరవై దినాలు రాదని చెప్పి రా" అని పంపింది.

దారంతా వేళ్ళు మడిచే ఉంచాను. మెస్ గడప బయట ఆగాను. మెస్ అమ్మ వంటగది ముందు పీట మీద ఒక్కతే కూర్చుని అంట్లు తోముతోంది. నన్ను చూడగానే ఆమె చెయ్యి ఆగింది.

"ఏంటే, మీ అమ్మకీ జ్వరమేనా?"

ఆ గొంతులో కోపం కంటే ఇంకేదో ఉంది. నేను అక్క చెప్పిన వరుస మర్చిపోయాను. వేళ్ళు గుర్తున్నాయి. మొదటి వేలు విప్పాను.

"మినప్పప్పు పెద్ద డేగిసల నానబోసి కుండల ఎనక పెట్టింది. ఈ పొద్దే రుబ్బాలె, లేకపోతే వాసన ఒస్తదంట."

ఆమె లేచి వెళ్ళి చూసింది. ఉంది. నేను రెండో వేలు విప్పాను. బయటి కట్టెలు తడిసినై, పొడి కట్టెలు మెట్ల కింద ఉన్నై. మూడో వేలు. "మూలకు కూసునే కళ్ళద్దాల సారు కారం తినలేడు. పప్పుల కారం ఎయ్యకముందే ఒక చిన్న గిన్నెల ఆయనకు తీసిపెట్టాలె."

"వాడికి కడుపులో మంటా? నాతో ఎప్పుడూ చెప్పలేదే!"

"నలుగుట్ల చెప్తే సారు సిగ్గుపడ్తడని మా అమ్మ చెప్పలే."

మెస్ అమ్మ మళ్ళీ పీట మీద కూర్చుంది. అప్పుడు చెప్పాను. "మా అమ్మకు పచ్చకామెర్లు. ఇరవై దినాలు రాదు. మా పక్కింటి నర్సక్క అమ్మ పట్టిన గిన్నెలు సలసల మసిలే నీళ్ళల్ల కడగుమన్నది, తాగే నీళ్ళు మసలబెట్టుమన్నది." అంతే. చెప్పాల్సింది అయిపోయింది.

ఆమె రోలు వైపు చూసింది, తోమాల్సిన అంట్ల వైపు చూసింది, బూడిద అంటిన తన చేతుల వైపు చూసుకుంది. నేను గడప బయట నిలబడే ఉన్నాను. నా బతుకులో అంత పొడుగు సమయం నేను మళ్ళీ చూడలేదు. మూడు దినాలే, మూడు దినాలే అని నా నాలుక కొస మీదికి వచ్చింది. కొంచెం రక్తం కలుపుదామా అని కూడా అనిపించింది. పళ్ళు బిగపట్టుకుని ఊరుకున్నాను. అవతల ఒక మనిషి తన కష్టాన్ని లెక్కవేసుకుంటోంది, ఇవతల మా ఇల్లు మొత్తం ఆమె నోటి వైపు చూస్తోంది.

"సరే" అంది చివరికి. "ఇరవై ఒకటో రోజు పొద్దున వచ్చి పొయ్యి వెలిగించమని చెప్పు. అప్పటిదాకా నేనే ఎలాగో తంటాలు పడతాను." తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "ఈ నెలలో నిజంగా జబ్బు చేసింది మీ అమ్మ ఒక్కదానికే" అంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. నేను వీధి మలుపు తిరిగేలోపే రోలు చప్పుడు మొదలైంది.

ఇంటికి వస్తే అమ్మ పడుకోలేదు. ఏమన్నది, కోపం చేసిందా, నమ్మిందా అని ఏమీ అడగలేదు. "సరే అన్నదా?" అని మాత్రం అడిగింది. అన్నది అని చెప్పగానే గోడ వైపు తిరిగి నిద్రపోయింది. మూడు రోజుల్లో అదే మొదటి నిద్ర.

ఇరవై రోజులూ అక్క చెప్పిన పథ్యం నడిచింది. ఇరవై ఒకటో రోజు అమ్మ వెంట నేనూ వెళ్ళాను. మెస్ అమ్మ ఎవరినీ పెట్టుకోలేదు. ఆమె అరచేతులు బొబ్బలెక్కి, అవి మాని, మళ్ళీ బొబ్బలెక్కి ఉన్నాయి. అమ్మను చూసి కుశలమైనా అడగకుండా, ఏ డబ్బాలో ఏముంది, ఏది అయిపోయింది, ఎవరు ఊరికి పోయారు అని వరుసగా అప్పజెప్పింది. అంతా విని అమ్మ పొయ్యి దగ్గర కూర్చుంది.

నేను పెద్దయ్యాక టీచరునయ్యాను, తర్వాత ఒక ప్రైవేటు బడికి హెడ్మిస్ట్రెస్‌నయ్యాను. నాకు ఒంట్లో బాగా లేని రోజున అక్క చెప్పినట్టే చెప్పాను: జబ్బు ఒక్క మాట, ఎన్ని రోజులో ఒక మాట, ఏ క్లాసుకు ఏ పాఠం మిగిలిందో మిగతా మాటలు. యాజమాన్యం ఒకసారి నమ్మింది, ఒకసారి నమ్మలేదు. నమ్మనిరోజు కూడా నేను నిశ్చింతగానే పడుకున్నాను. మళ్ళీ తెలంగాణ కోసం రోడ్లు స్తంభించిన రోజుల్లో పొద్దున్నే నాకే ఫోన్లు వచ్చేవి, మేడమ్ జ్వరం, మేడమ్ నడుంనొప్పి అని. అందులో ఏది నిజమో తేల్చే తెలివి నాకు బాగానే ఉంది, అబద్ధాల బడిలో చదువుకున్నదాన్నే కదా. కాని ఎప్పుడూ తేల్చలేదు. ఎలా చెప్పాలో నాకు అక్క నేర్పింది. ఎలా వినాలో మాత్రం ఎవరూ నేర్పలేదు, ఆ గడప బయట నిలబడి నేనే నేర్చుకున్నాను.

పోయిన నెల మా ఇంట్లో పనిచేసే ఆమె కూతురు ఫోన్ చేసింది. ఐదో తరగతి పిల్ల. "అమ్మమ్మా, మా అమ్మకు..." అని ఆగిపోయింది. దాని ఊపిరి నాకు వినిపిస్తోంది.

"సరే బిడ్డా" అన్నాను. "రావద్దని చెప్పు. ఇప్పుడు నిమ్మళంగా చెప్పు, ఏమైంది?"