మౌస్ పలకని రోజు

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, మౌస్ కదలడం లేదని దాన్ని బల్ల మీద రెండుసార్లు తట్టి, సొరుగులోంచి ఇంకొకటి తీసి తగిలించుకుని పనిలో పడింది. నిమిషం కూడా పట్టలేదు. పక్క కుర్చీలో ఉన్న నాకు మాత్రం మిర్యాలగూడలోని మా వదిన షాపు గుర్తుకొచ్చి ఆ పూటంతా పని సాగలేదు.

వదిన అంటే మా పెద్దన్న భార్య. నడిగూడెంలో బర్రెల మధ్య పెరిగిన మనిషి. పెళ్లయ్యాక కొన్నాళ్లు జాకెట్లు కుట్టింది, తర్వాత టైపు నేర్చుకుంది, రెండు వేల నాలుగు ప్రాంతంలో బస్టాండు రోడ్డులో ఒక గది కిరాయికి తీసుకుని, కార్డులూ కరపత్రాలూ టైపు చేసిచ్చే డీటీపీ షాపు పెట్టింది. డిగ్రీ అయి ఇంట్లో ఖాళీగా ఉన్న నన్ను తోడుకు కూర్చోబెట్టుకుంది. షాపుకంతా ఒకటే కంప్యూటర్, అదీ ఎవరో వాడి వదిలేసినది. వదిన దాన్ని పాడి బర్రెలాగే చూసుకునేది. పొద్దున్నే తుడిచి, అగరుబత్తి తిప్పి, "లే తల్లీ" అనేది. మొరాయిస్తే వీపు మీద ఒక్కటి చరిచేది. చాలాసార్లు ఆ దెబ్బకు లేచేది కూడా.

పెళ్లిళ్లు ముమ్మరంగా ఉన్న రోజుల్లో మాడుగులపల్లి నుంచి ఒకాయన వచ్చాడు. గొర్లు కాసుకునే మనిషి. భార్య చనిపోయింది, దశదిన కర్మకు కార్డులు కావాలి. ఆమె ఫోటో వెయ్యాలని ఒకటే కోరిక. ఆయన దగ్గర ఉన్నది ఒకటే ఫోటో, నాట్లప్పుడు పొలం గట్టు మీద అయిదుగురు ఆడవాళ్లు నిలబడి దిగినది. "ఆమె ఒక్కతే దిగింది లేదు సెల్లె. ఎన్నడన్న దిగుదమంటే నవ్వేది" అన్నాడు. మిగతా నలుగురూ బతికున్నవాళ్లు, చావు కార్డులో వాళ్లు కనబడకూడదు. ఆమె ముఖం ఒక్కటే విడదీసి పెడతానని వదిన మాటిచ్చింది. ఫోటో స్టూడియోలో స్కాన్ చేయించి ఫ్లాపీలో తెచ్చాం. కార్డంతా నేనే టైపు చేశాను. ఫోటో కూడా మధ్యలో పెట్టేశాం. ఇక కత్తిరించడమే మిగిలింది.

మర్నాడు పొద్దున కంప్యూటర్ లేచింది గానీ మౌస్ లేవలేదు. తెర మీద ఒక డబ్బా వచ్చి, ఈ కంప్యూటర్‌కు మౌస్ తగిలించి లేదని ఇంగ్లీషులో మర్యాదగా చెప్పింది. నేను చదివి వినిపిస్తే వదినకు ఒళ్లు మండింది. "ముంగటనే ఉంటే లేదంటదేంది, కండ్లు గిట్ల పోయినయా దీనికి?" అని వైరు పీకి మళ్లీ గుచ్చింది. మౌస్ కడుపులోని గుండు తీసి కొంగుతో తుడిచింది. వీపు మీద చరిచింది. ఎన్నిసార్లు ఆపి లేపినా అదే డబ్బా, అదే మర్యాద.

అప్పటికే ఆయన వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఎల్లుండే కర్మ. సాయంత్రానికి కార్డులు తీసుకుపోయి చుట్టాలకు పంచాలి. పక్క షాపుకు ఫ్లాపీ పట్టుకుని పరుగెత్తాను. వాళ్ల తెలుగు అక్షరాలు వేరు, మా కార్డు అక్కడ తెరిస్తే పిచ్చి గీతలు వచ్చాయి. కొత్తగా చేసిమ్మంటే పెళ్లికార్డులు పేరుకుపోయి ఉన్నాయి, రెండు రోజులు ఆగమన్నారు. కోదాడలో మాకు తెలిసిన మెకానిక్‌కు ఫోన్ చేశాను. "ముందు కంట్రోల్ ప్యానెల్ మీద క్లిక్ చేయండమ్మా" అన్నాడు. దేంతో క్లిక్ చేయమంటారని అడిగాను. "నిజమేనండీ" అని, వీలు చూసుకుని వస్తానని ఫోన్ పెట్టేశాడు.

మా కంప్యూటర్‌కు పట్టే మౌస్ కోసం బస్సెక్కి సూర్యాపేట పోయాను. షాపతను మా మౌస్‌ను తిప్పి చూసి, "గీ వెడల్పు మూతిది ఎప్పుడో బందైంది అక్కా. ఇగ రాదు" అని, సన్న పిన్నుల కొత్త మౌస్, మధ్యలో తగిలించే ఒక ముక్క ఇచ్చాడు. ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. పెట్టి చూస్తే మళ్లీ అదే డబ్బా. వదిన నేల మీద కూలబడింది. అప్పటిదాకా బెంచీ మీదే ఉన్న ఆయన లేచి వచ్చి, "నేనేమన్న పట్టుకోనా సెల్లె?" అన్నాడు. పట్టుకోవడానికి ఏమీ లేదు.

కాసేపటికి వదిన కళ్లు తుడుచుకుని, "ఉన్నది ఉన్నట్టు రెండు కాగితాలు తియ్ పిల్లా" అంది. ప్రింటు తీయడానికి కీబోర్డు చాలు, తీశాను. ఒక కాగితంలో ఫోటో చోట తెల్ల కాగితం అంటించింది. రెండోదాన్ని ఒళ్లో పెట్టుకుని, జాకెట్లు కత్తిరించిన కత్తెరతో ఆమె ముఖం చుట్టూ మెల్లగా కోసుకుంటూ వచ్చి భుజం దగ్గర ఆగిపోయింది. పక్కనున్నావిడ ఆమె భుజం మీద చెయ్యి వేసి ఉంది. వేళ్లు తీసేస్తే భుజం పోతుంది, భుజం ఉంచితే వేళ్లు ఉంటాయి. కంప్యూటరైతే చెరిపేసేది.

"ఇవి పోతలేవన్నా" అంది వదిన.

ఆయన కాగితాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. "ఆ చెయ్యి మా మరదలిది. సచ్చిపోయేనాడు దవాఖానల గామెనే పట్టుకోని కూసుంది. ఉండనీ" అన్నాడు.

అలాగే అంటించి ప్రెస్సుకు ఇచ్చాం. పొద్దుగూకేలోపు కార్డులు తయారయ్యాయి. మరదలి నాలుగు వేళ్లు భుజం మీద ఉండగా, ఆమె నవ్వుతూ ఆ కట్టలో మాడుగులపల్లి వెళ్లిపోయింది.

ఆ వారం కోదాడ మెకానిక్ వచ్చి, మౌస్ బాగానే ఉంది, కంప్యూటరూ బాగానే ఉంది, రెండింటికీ మధ్యన ఏదో పోయిందండీ అని చెప్పి టీ తాగి వెళ్లాడు. మౌస్ ఇక ఎప్పటికీ పలకలేదు. వదిన ఏడాది తిరక్కుండా షాపు ఎత్తేసి మళ్లీ కుట్టుమిషన్ ఎక్కింది. ఆ కార్డులో చనిపోయినావిడ పేరు నా చేతులతో నేనే టైపు చేశాను, ఇప్పుడు ఎంత తలచుకున్నా గుర్తు రాదు. ఆ నాలుగు వేళ్లు మాత్రం నిన్న చూసినట్టున్నాయి. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో కాలం మనల్ని అడగదు.