కాలరు లోపలి లేబుల్

వీధి మొత్తం పిన్ని అని పిలిచే ఆ టైలరమ్మ నోట్లో ఎప్పుడూ గుండుసూదులు ఉండేవి. హాస్యాలు, తిట్లు, కొలతలు అన్నీ వాటి సందుల్లోంచే వచ్చేవి. సూదులు తీసి మాట్లాడిందంటే వ్యవహారం ముదిరినట్టే.

కొలతలిస్తే కత్తిరింపు గీతలు గీసిచ్చే యాప్‌ను, ఆమె చెబుతుంటే కూతురు తయారు చేసింది. ముక్కూ మొహం తెలియని ఊళ్ల టైలర్లు దాన్ని కొంటున్నారని తెలిసిన రోజు పిన్ని కాలు నేలమీద నిలవలేదు. అంతలోనే యాప్ స్టోరు కోసుకున్న వాటా సంగతి బయటపడింది.

"నూటికి ముప్పయ్యా? పని నాది, కత్తెర నాది. వాడిదేమిటే?"

"అంగడి వాడిదమ్మా. జనం వాడి వాకిట్లోంచే వస్తున్నారు."

"వాకిలి చూపించినందుకు వంటింట్లో వాటా అడుగుతాడా?"

తాను కుట్టిన ప్రతి చొక్కా కాలరు లోపల కొట్టు పేరూ ఫోను నంబరూ ఉన్న లేబుల్ కుట్టడం పిన్ని అలవాటు. యాప్‌కీ ఒకటి కుట్టించింది: "నేరుగా మాకు ఫోన్ చేయండి, చవగ్గా ఇస్తాం." అది నిబంధనలకు విరుద్ధమని స్టోరు యాప్‌నే తీసేసింది.

చొక్కాయే మాయమైతే లేబుల్ ఎవరు చూస్తారు? ఫోను మూగబోయింది. చివరికి ఒక్కసారి మోగింది. ఎక్కడో దూరాన ఉన్న టైలరమ్మాయి.

"అక్కా, ఫోను మార్చాను. మీ యాప్ కనబడట్లేదు. పెళ్లిబట్టలు ఒప్పుకుని కూచున్నా."

"స్టోరుతో పనిలేకుండా నేరుగా దించుకునే లింకు పంపిస్తా, నొక్కు."

కాసేపటికి మళ్లీ ఆమే. "నొక్కితే ప్రమాదం అంటోందక్కా. ఫోను పాడవుతుందేమో, భయంగా ఉంది."

పిన్ని సూదులు తీసి కూతురివైపు తిరిగింది.

"లేబుల్ విప్పెయ్యవే."

"మరి ముప్పయ్యో?"

"నన్ను ఎరగని పిల్ల ధైర్యంగా కొన్నది వాడి గుమ్మం చూసే. దానికి అద్దె ఇవ్వాల్సిందే. కానీ ఇంత అద్దె అన్యాయం. నా పేరు నన్ను చెప్పుకోనివ్వకపోవడం మరీ అన్యాయం. ఆ మాటా వాడికి రాయి."

కూతురు లేబుల్ తీసేసి, ఆ మాటా రాసింది. దానికి జవాబు రాలేదు కానీ, యాప్ మళ్లీ స్టోరులోకి వచ్చింది.

"వచ్చేసిందమ్మా" అని లోపలి గదిలోంచి కూతురి కేక. పిన్ని ఒక చేత్తో ఫోను అందుకుని, "కత్తెర పట్టు తల్లీ, నీ పెళ్లిబట్టలు గట్టెక్కాయి" అని ఆ టైలరుకు చెబుతూ, రెండో చేత్తో మిషను నడిపేసింది.

ఆ హడావుడిలో కూతురికి కుడుతున్న చొక్కాకు ఒక చెయ్యి తిరగబడింది. విప్పుతానంటే కూతురు ఒప్పుకోలేదు. లేబుల్ మాత్రం తిన్నగానే ఉంది. పిన్ని పోయాక కూతురు దాచుకున్నది ఆ చొక్కానే.