చలికి తేలిన చేపలు

ఆ పుష్యమాసంలో జమ్మలమడుగు పక్కన మా ఊళ్లో పడినంత చలి నేను మళ్లీ చూడలేదు. ఎండలకు పేరుపడ్డ కడప జిల్లాలో జనం మిట్టమధ్యాహ్నం కూడా దుప్పట్లు కప్పుకుని తిరిగారు. నేను సముద్రం ఒడ్డున పుట్టి, చర్చివాళ్లు కుదిర్చిన సంబంధంతో ఆ ఊరికి కోడలిగా వచ్చినదాన్ని. పళ్లు టకటకా కొట్టుకుంటుంటే ఆ సంబంధం కుదిర్చిన పెద్దలను రోజూ తిట్టుకునేదాన్ని.

ఒక పొద్దున చూస్తే చెరువు నిండా జిలేబీ చేపలు పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. ఆ ఏడు చెరువును వేలంపాటలో పాడుకున్నది మా పార్టీ పెద్దాయన. ఇంకేముంది, అవతలి పార్టీవాళ్లు ఎండ్రిన్ పురుగుమందు కలిపారన్నారు. ఆ రోజుల్లో మా ఊళ్లో కోడి చచ్చినా అవతలి పార్టీవాళ్లే చంపి ఉండాలి. దానంతట అది చచ్చే హక్కు కోడికి కూడా లేదు.

ఇంటికొక మనిషి రావాలని పెద్దాయన కబురు పంపాడు. పిలిచినప్పుడు ఇంటికొకరు కట్టె పట్టుకుని వెళ్లడం అక్కడి కట్టుబాటు. వెళ్లని ఇంటితో ఆ తర్వాత ఎవరూ మాట్లాడరు. మా మామగారు అలాగే ఒకసారి వెళ్లి ప్రాణాలతో తిరిగి రాలేదు. ఇక ఇంట్లో మిగిలిన మగమనిషి మా ఆయన ఒక్కడే. వద్దని కాళ్లావేళ్లా పడ్డాను.

"నేను పోకుంటే రేపు ఈ ఊర్లో యాడ తలెత్తుకుంటాం?" అని చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెళ్లిపోయాడు. మా అత్త గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

నాకు ఏడుపు కంటే ముందు కోపం వస్తుంది. ఆ కోపంతోనే బేసిన్ చంకన పెట్టుకుని చెరువుకు పోయాను. గట్టు కింద బర్రెలు ఆ నీళ్లే తాగుతున్నాయి. ఒడ్డున బురదలో కొరమీను ఒకటి నిక్షేపంగా కదిలింది. మందు కలిపితే జిలేబీలను మాత్రమే ఏరి చంపుతుందా? మా వైపు కూడా గట్టి చలికి చెరువుల్లో చేపలు మొద్దుబారి పైకి రావడం చిన్నప్పుడు చూశాను. మొప్పలు ఇంకా సన్నగా ఆడుతున్నవాటిని ఏరి ఇంటికి తెచ్చాను. బేసిన్‌లోని చెరువు నీళ్లలో పొయ్యి మీది నీళ్లు కొంచెం కొంచెంగా కలుపుతూ కూర్చున్నాను. ప్రభువా, ఒక్కటి కదలనీ చాలు అనుకున్నాను.

ఒకటి తోక ఆడించింది. కాసేపటికి ఇంకొకటి వెల్లకిలా ఉన్నది తిరగబడి ఈదింది.

మా అత్త లేచి వచ్చి చూసింది. "బిరిన పోమ్మే, వాళ్లు బయల్దేరకముందే," అంది.

నేను వెళ్లేసరికి పెద్దాయన ఇంటి ముందు జీపులు కదలబోతున్నాయి. మా ఆయన వెనక జీపులో ఉన్నాడు. నన్ను చూసి సిగ్గుతో తల దించుకున్నాడు. నేను పట్టించుకోలేదు. బేసిన్ తీసుకుపోయి పెద్దాయన కాళ్ల ముందు పెట్టాను. చేప ఎగిరి ఆయన తెల్ల పంచె మీద నీళ్లు చిమ్మింది.

"ఎండ్రిన్ తాగిన చేప వేణ్ణీళ్లకు లేస్తుందా మామా?" అని అడిగాను.

ఆయన గొంతుక్కూర్చుని బేసిన్‌లో చెయ్యి పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు. కొరమీను సంగతీ బర్రెల సంగతీ అడిగి చెప్పించుకున్నాడు. తర్వాత లేచి చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

"సలికి సచ్చినాయి లేరా. ఇండ్లకు పోండి," అన్నాడు.

జీపుల ఇంజన్లు ఆగిపోయాయి. మగవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఎవరో ఒకరు నవ్వితే అందరూ నవ్వారు. అంత పౌరుషంగా ఎక్కినవాళ్లు అంత తొందరగా దిగడం నేనెప్పుడూ చూడలేదు. నా గుండె మీది బండ దిగిపోయింది.

అప్పుడు పెద్దాయన భార్య బయటికి వచ్చింది. పదిమంది మగవాళ్లున్న చోటికి ఆమె ఎప్పుడూ వచ్చేది కాదు. బేసిన్ ఎత్తడానికి వంగినట్టు నా పక్కన వంగింది.

"ముందు జీపులో నా కొడుకుండాడు పాపా," అంది నాకొక్కదానికే వినపడేలా.